కాగితం మీద దర్జీలు

ప్రతి ఊళ్లో స్టేషనరీ షాపుల్లో ఒక చార్టు అమ్ముతారు. పైన 'భిన్నత్వంలో ఏకత్వం' అని రాసి ఉంటుంది. కింద నలుగురు చేతులు పట్టుకుని నిలబడి ఉంటారు. బొట్టు పెట్టుకున్నాయన హిందువు, పగడీ చుట్టుకున్నాయన సిక్కు, మెడలో శిలువ వేసుకున్నాయన క్రైస్తవుడు. నాలుగో ఆయన మనం. షేర్వానీ, గడ్డం, తల మీద ఎర్ర కుచ్చు టోపీ. మన పిల్లలు ఆ చార్టు కొనుక్కొచ్చి, కత్తిరించి, ప్రాజెక్టు పుస్తకంలో అంటించి, కింద 'ముస్లిం' అని రాసి మార్కులు తెచ్చుకుంటారు.

ఆ కుచ్చు టోపీ మీ ఖాందాన్‌లో ఎవరైనా పెట్టుకోగా చూశారా? నేను చూళ్లేదు. మా అబ్బా కడపలో దర్జీ. నలభై ఏళ్లు మిషను తొక్కారు. తన జిందగీ మొత్తంలో ఆయన కుట్టిన షేర్వానీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవీ షాదీలకే. మిగిలినవన్నీ ప్యాంట్లు, చొక్కాలు, పైజామాలు, జాకెట్లు, సల్వార్ కమీజులు, జూన్ నెల వస్తే గుట్టలుగా స్కూలు యూనిఫారాలు. అబ్దుల్లాకి తీసిన కొలతా, ఆంజనేయులుకి తీసిన కొలతా ఒకే నోటు పుస్తకంలో పక్కపక్కనే ఉండేవి.

దర్జీ కూతుర్ని కాబట్టి ఏ బొమ్మ చూసినా నా నజర్ ముందు ముఖం మీదికి పోదు, లిబాస్ మీదికి పోతుంది. గుడ్డ ఎక్కడ మడత పడింది, దుపట్టా భుజం మీద నిలుస్తుందా జారుతుందా, చేతులు పైకెత్తితే చంక దగ్గర పట్టేస్తుందా అని చూస్తాను. బొమ్మలు వేసేవాళ్లూ నా లెక్కలో దర్జీలే. కాగితం మీద మనిషికి బట్టలు కుడతారు. వాళ్లు కుట్టిన బట్ట సరిపోకపోతే ఇబ్బందిపడేది మన పిల్లలు.

ఇబ్బంది అంటే ఎలాంటిదో చెప్తాను. మా బేటీ మూడో తరగతిలో ఉండగా 'నా కుటుంబం' అని బొమ్మ గీసుకు రమ్మన్నారు. గీసింది. వాళ్ల అబ్బాకి ఎర్ర కుచ్చు టోపీ. నాకు కళ్లు తప్ప ఏమీ కనబడని నల్ల బురఖా. వాళ్ల అబ్బా జీన్స్ ప్యాంటు వేసుకుని ఆఫీసుకి పోతారు. నేను తల మీద దుపట్టా వేసుకుంటాను, అదీ ఎక్కువగా పసుపో ఆకుపచ్చో. "ఇదేంది బేటా, మేమిట్లా ఉంటామా?" అని అడిగితే, "బొమ్మల్లో ముస్లింలు ఇట్లే ఉంటారు కదమ్మీ" అంది. రోజూ పొద్దున జడ వేసే తల్లిని కళ్లారా చూసే బచ్చీ, పెన్సిల్ పట్టుకోగానే తన కళ్లని నమ్మలేదు, చార్టుని నమ్మింది. ఆ బొమ్మకి బళ్లో స్టారు కూడా వేశారు.

బురఖా మీద నాకే ఏతరాజ్ లేదు. మా అమ్మీ జీవితాంతం వేసుకుంది, ఇజ్జత్‌గా వేసుకుంది. మస్లా బురఖాది కాదు. అసల్ కళ్ల ముందుండగా పిల్ల నఖల్‌ని గీయడం, అదీ మస్లా.

ఈ నఖల్‌ని చెరిపేసే పని దునియాలో కొందరు ముసవ్విర్లు పదిహేనేళ్లుగా చేస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా, కెనడాల్లో ఉన్నారు, వాళ్ల కితాబులు ఇంగ్లీషులో ఉన్నాయి. అయినా వాళ్ల పేర్లు మన ఇళ్లల్లో తెలియాలని నా ఉద్దేశం. ఎందుకో ఒక్కో పుస్తకం పట్టుకుని చెప్తాను.

హాతెమ్ అలీ ఈజిప్టులో పుట్టి కెనడాలో స్థిరపడిన చిత్రకారుడు. 2019లో వచ్చిన 'ది ప్రౌడెస్ట్ బ్లూ' పుస్తకానికి బొమ్మలు ఆయనవి. రాసినవాళ్లు ఇబ్తిహాజ్ ముహమ్మద్, ఎస్.కె. అలీ. 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్‌తో కత్తిసాము చేసి అమెరికా జట్టుతో కాంస్యం గెలిచిన ఇబ్తిహాజే ఈమె. కథ చిన్నది. బడి తెరిచిన రోజు ఫైజా అనే చిన్నపిల్ల అక్క ఆసియాతో కలిసి బడికి పోతుంది. అక్క హిజాబ్ కట్టుకోవడం ఆ రోజే మొదలు. నీలం రంగు హిజాబ్. ఒక పిల్లాడు దాన్ని టేబుల్ మీద పరిచే గుడ్డ అని ఎగతాళి చేస్తాడు.

ఇక్కడ హాతెమ్ అలీ చేసిన పని చూడండి. ఎగతాళి చేసేవాళ్లకి ముఖాలు వెయ్యలేదు, నీడల్లా వదిలేశాడు. రంగంతా ఆ నీలం గుడ్డకే ఇచ్చాడు. అది గాలికి లేస్తుంది, సాగుతుంది, సముద్రమూ ఆకాశమూ అయిపోతుంది. పుస్తకం మూసేశాక పిల్లలకి గుర్తుండేది తిట్టినవాడి ముఖం కాదు, అక్క నీలం. పది ఉపన్యాసాలు చెయ్యలేని పని ఒక రంగు చేసింది. ఎవర్ని ఎంత గుర్తుంచుకోవాలో కూడా బొమ్మ వేసేవాడే తేల్చగలడని నాకు ఆ కితాబ్ చూశాకే తెలిసింది.

ఆయనే బొమ్మలు వేసిన ఇంకో వరస ఉంది, సాదియా ఫారూఖీ రాసిన యాస్మిన్ పుస్తకాలు. 2018లో మొదలయ్యాయి. యాస్మిన్ అమెరికాలో రెండో తరగతి చదివే పాకిస్తానీ ఖాందాన్ పిల్ల. అందులో ఒక దాని పేరే 'యాస్మిన్ ద ఫ్యాషనిస్టా'. అమ్మ అల్మారాలోని బట్టలు, నానీ తోడు, చివరికి ఇంట్లోనే ఒక ఫ్యాషన్ షో. మన ఇళ్లల్లో ఏ ఆడపిల్ల ఆడలేదు ఈ ఆట? అమ్మ దుపట్టా చీరలా చుట్టుకుని, పెద్ద చెప్పుల్లో కాళ్లు పెట్టి తిరగని పిల్ల ఉందా? అందులో మజ్‌హబ్ గురించిన పాఠం లేదు. ఒక ముస్లిం పిల్లకి సిర్ఫ్ ఖుషీగా ఉండే హక్కు ఉందని ఆ బొమ్మలు చెప్తాయి.

హెనా ఖాన్ రాయగా ఆలియా జలీల్ బొమ్మలు వేసిన 'అండర్ మై హిజాబ్' కూడా 2019దే. ఇందులో బేకరీ పని చేసే నానమ్మ, డాక్టరు అమ్మ, బొమ్మలు వేసే ఆంటీ, కరాటే నేర్చిన పిల్ల, ఇలా ఎందరో వస్తారు. బయట ఒక్కొక్కరి హిజాబ్ ఒక్కో తీరు. పేజీ తిప్పితే ఇంట్లో వాళ్ల జుట్టు, అదీ ఒక్కో తీరు. హిజాబ్ కింద ఏముంటుందని బస్సుల్లో, ఆఫీసుల్లో మనల్ని అడిగేవాళ్లందరికీ అందులో జవాబ్ ఉంది. కింద మనిషి ఉంటుంది. జడ ఉంటుంది, కత్తిరించిన జుట్టు ఉంటుంది, ఆమె షౌక్ ఉంటుంది.

'మామీస్ ఖిమార్' 2018లో వచ్చింది. జమీలా థాంప్‌కిన్స్ బిగెలో రాశారు, ఎబొనీ గ్లెన్ బొమ్మలు వేశారు. నల్లజాతి ముస్లిం ఖాందాన్‌లో ఒక చిన్నపిల్ల తల్లి పసుపు ఖిమార్ తలకి చుట్టుకుని రాణి అవుతుంది, వెలుగవుతుంది. ఆ పిల్ల అమ్మమ్మ చర్చికి వెళ్లే మనిషి. మనవరాలిని ఆ ఖిమార్‌తోనే గుండెకి హత్తుకుంటుంది. ఒకే ఇంట్లో రెండు నమ్మకాలు ఉండటం మన ఊళ్లకి కొత్తేమీ కాదు. పీర్ల పండక్కి మలీదా పట్టుకొచ్చే పక్కింటి అత్తలు మనకి తెలుసు. అయినా మన పిల్లల పుస్తకాల్లో అలాంటి పేజీ నా కంటబడలేదు.

ఇంకొక పేరు చెప్పి ఈ వరస ఆపుతాను. ఫహ్‌మిదా అజీమ్ బంగ్లాదేశ్‌లో పుట్టి అమెరికాలో పెరిగింది. రీమ్ ఫారూఖీ రాసిన 'అమీరాస్ పిక్చర్ డే'కి 2021లో బొమ్మలు వేసింది. బళ్లో ఫొటో తీసే రోజే ఈద్ వచ్చిపడితే పిల్ల పడే యాతన ఆ కథ. మరుసటి ఏడాది, 2022లో, ఫహ్‌మిదా తన సహచరులతో కలిసి పులిట్జర్ బహుమతి అందుకుంది. చైనా నిర్బంధ శిబిరం నుంచి బయటపడిన ఒక వీగర్ ముస్లిం స్త్రీ కిస్సాని బొమ్మల్లో చెప్పినందుకు. ఈద్ గౌను గీసిన చెయ్యే ఆ జైలు గోడనూ గీసింది. బొమ్మలేయడం పిల్లలాట అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఇదంతా బాగుంది కానీ నాకొక షక్ ఉంది, అదీ చెప్పాలి. ఈ కితాబుల పేర్లు ఒకసారి వరసగా చదవండి. హిజాబ్, ఖిమార్. కుచ్చు టోపీ పోయి దాని స్థానంలో ఇంకో యూనిఫారం వస్తోందా? ముస్లిం అని తెలియాలంటే తల మీద గుడ్డ ఉండి తీరాలా?

బజారు కూడా ఇదే దారిలో నడిచింది. 2017 అనే ఒక్క ఏడాదిలో క్రీడాకారిణుల కోసం నైకీ హిజాబ్ ప్రకటించింది, ఇబ్తిహాజ్ రూపంలో హిజాబ్ కట్టిన బార్బీని మాటెల్ చూపించింది, మన ఫోన్లలోకి హిజాబ్ అమ్మాయి ఎమోజీ వచ్చింది. ఆ ఎమోజీ కోసం అర్జీ పెట్టింది రయూఫ్ అల్‌హుమైదీ అనే పదిహేనేళ్ల సౌదీ అమ్మాయి. మాషాఅల్లాహ్, ఆ పిల్ల హిమ్మత్‌కి సలాం. కానీ కంపెనీలకి మన తల కనబడినంత త్వరగా మన కష్టం కనబడదు. తలకి గుడ్డ అమ్మొచ్చు కదా.

ఫ్యాషన్ బొమ్మల్లో ఇంకో మాయ ఉంది. మామూలు మనిషి ఎత్తు తన తలకి సుమారు ఏడున్నర రెట్లు ఉంటుంది. ఫ్యాషన్ డిజైన్ నేర్పేచోట తొమ్మిది తలల ఎత్తు బొమ్మ గీయమంటారు, గుడ్డ పొడుగ్గా, నాజూగ్గా పడాలని. అబ్బా టేపు పట్టి కొలిచిన ఏ మనిషీ తొమ్మిది తలల ఎత్తు లేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడే హిజాబ్ ఫ్యాషన్ బొమ్మల్లో చాలా భాగం ఈ తొమ్మిది తలల తెల్లటి అమ్మాయిలే. పిల్లల పుస్తకంలో పిల్ల నాలుగైదు తలల ఎత్తే ఉంటుంది, పొట్ట ఉంటుంది, మోకాలి మీద గాటు ఉంటుంది. లిబాస్ అమ్మడానికి వేసిన బొమ్మకీ, మనిషిని చూపడానికి వేసిన బొమ్మకీ ఉన్న ఫర్క్ ఇది. ఫ్యాషన్‌లోనూ ఈ ఫర్క్ తెలిసినవాళ్లు లేకపోలేదు. లాహోర్‌లోని షెహ్‌జిల్ మాలిక్ వీధుల్లో నడిచే ఆడవాళ్ల మీద, వాళ్లని గుచ్చే చూపుల మీద బొమ్మలు వేసి, తర్వాత జనరేషన్ అనే బట్టల కంపెనీతో కలిసి తన బొమ్మలని దుస్తుల మీదికి తెచ్చింది. అక్కడ బట్ట అందం కోసమే కాదు, ఒక మాట చెప్పడానికి కూడా పనికొచ్చింది.

మరి మన ముల్క్‌లో? ఉన్నాయి. చెన్నైలోని తూలికా ప్రచురణ సంస్థ తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో పిల్లల పుస్తకాలు వేస్తుంది. వాళ్ల 'ఇస్మత్స్ ఈద్' ఫౌజియా గిలానీ విలియమ్స్ రాసినది, బొమ్మలు ప్రోయితీ రాయ్‌వి. చెప్పులు కుట్టే ఇస్మత్ ఈద్‌కి తనకో పైజామా కొనుక్కుంటే అది పొడవైపోతుంది, దాన్ని కత్తిరించడం మీద నవ్వుల కథ. దర్జీ ఇంట్లో పుట్టినదానికి ఇంతకంటే ఏం కావాలి! అందులో ముస్లిం ఒక సమస్య కాదు, ఒక కారీగర్. ఇంట్లో అందరికీ కానుకలు తెచ్చే మనిషి.

నీనా సబ్నానీ 'ముకంద్ అండ్ రియాజ్' ఇంకా దగ్గరిది. 1947లో కరాచీలో విడిపోయిన ఇద్దరు దోస్తుల కథ, ఆమె తండ్రి జ్ఞాపకం. వాళ్ల దోస్తీకి నిషానీ ఒక టోపీ. ఆ పుస్తకంలో బొమ్మలు కుంచెతో వేసినవి కావు, గుడ్డ ముక్కలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి కుట్టినవి. విభజన అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి కత్తిరించి మళ్లీ కలిపి కుట్టిన గుడ్డ కంటే మంచి సామాను ఏముంటుంది?

తెలుగుకొస్తే, హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల కథలు బొమ్మలతో రూపొందించింది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' లాంటి కితాబుల్లో మన ఇళ్లు అక్షరాల్లో ఉన్నాయి. రంగుల్లో మాత్రం చాలా తక్కువ. రాయలసీమ పల్లెల్లో చీర కొంగు తల మీద కప్పుకుని వేరుశనగ చేలో కలుపు తీసే ఖాలాని పిల్లల బొమ్మల పుస్తకంలో నేను చూళ్లేదు. దూదేకుల ఇళ్ల నానమ్మలని చూళ్లేదు. హైదరాబాదీ దుల్హన్ ఖడా దుపట్టాని, మెడలో నల్లపూసల లచ్ఛాని చూళ్లేదు. గళ్ల లుంగీ మీద సైకిల్ తొక్కుతూ పాత సామాన్లు కొనే చాచా ఎక్కడా లేడు. అమెరికా నుంచి వచ్చిన యాస్మిన్ మన పిల్లలకి దోస్త్ అవుతుంది, మంచిదే. కానీ కడప యాస్మిన్‌ని హాతెమ్ అలీ వచ్చి గీయడు. ఆయనకి మన వీధి తెలీదు. తెలిసినవాళ్లే గీయాలి.

ఇక్కడ ఇంటి పెద్దలు ఒక మాట అంటారు. "తస్వీర్ జాయిజ్ కాదు కదా బేటీ" అని. ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోను. ప్రాణుల బొమ్మల మీద హెచ్చరించే హదీసులున్నాయి. ఆయేషా రజియల్లాహు అన్హా చిన్నప్పుడు బొమ్మలతో ఆడుకున్న హదీసూ ఉంది. దాన్ని పట్టుకుని పిల్లల ఆటకీ, చదువుకీ సంబంధించినంతవరకు వెసులుబాటు ఉందన్న ఉలమా ఉన్నారు, లేదన్నవాళ్లూ ఉన్నారు. ఇఖ్తిలాఫ్ ఉన్నచోట ఫత్వా ఇచ్చేంత ఇల్మ్ నాకు లేదు. మీరు నమ్మే ఆలిమ్‌ని అడగండి. నేను చెప్పేది రెండే మాటలు. ఒకటి, కళ్లూ ముక్కూ లేకుండా బొమ్మలు వేసే ఇస్లామీ పిల్లల పుస్తకాలు కూడా ఇప్పుడు బజారులో ఉన్నాయి. ముఖం లేనప్పుడు మనిషిని చూపాల్సిన భారమంతా బట్ట మీద, వంగిన వీపు మీద, చాచిన చేతి మీద పడుతుంది. అది ఇంకా కష్టమైన హునర్. రెండు, స్కూలు చార్టు మన ఇంట్లోకి రావడానికి ఎవరి ఇజాజత్ అడగలేదు. మనం గీయకపోతే మన బొమ్మ ఆగిపోదు, వేరేవాళ్లు గీస్తారు.

పైగా ఈ హునర్ మనకి పరాయిది కాదు. కలంకారీ అన్న మాటే ఫార్సీ. ఖలమ్‌తో చేసే కారీ, అంటే పని. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఆ గుడ్డలు ఇరాన్ దాకా పోయేవి. మచిలీపట్నం, పెడనల్లో చెక్క అచ్చులతో తీగలూ పూలూ అద్దుతారు, శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో కథలు గీస్తారు. కరక్కాయ, పాలు, బెల్లంలో ఊరబెట్టిన ఇనుము, ఇవీ ఆ రంగుల వెనక సామాన్లు. ఫ్యాషన్ వేరు, బొమ్మ వేరు, కథ వేరు అని ఈ నేల మీద ఎప్పుడూ లేదు. ఒకే గుడ్డ మీద మూడూ ఉన్నాయి.

ఈ పనిలో తిండి దొరుకుతుందా అన్న సవాల్ న్యాయమైనదే. బొమ్మల పుస్తకం మామూలుగా 32 పేజీలు. ముందు చిన్న చిన్న గీతల్లో పుస్తకమంతా వేసుకోవాలి. మొదటి పేజీలో పిల్ల కమీజు మీద ఏ పూలున్నాయో ముప్పయ్యో పేజీలోనూ అవే ఉండాలి, చెయ్యి చిరిగితే చిరుగు చివరిదాకా ఉండాలి. నెలల మెహనత్. మన దగ్గర ఆ మెహనత్‌కి దక్కే మజూరీ తక్కువ, చాలాసార్లు అట్ట మీద పేరు కూడా ఉండదు. కానీ దారులు మూసి లేవు. హైదరాబాద్‌లో 1995 నుంచి నిఫ్ట్ ఉంది, మాసబ్ ట్యాంక్ దగ్గర ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. బట్టల డిజైన్, టెక్స్‌టైల్ ప్రింటు, పాఠ్యపుస్తకాలు, యానిమేషన్, వీటన్నిటికీ బొమ్మ వేసే చెయ్యి కావాలి. తెలుగు కితాబుల అట్టల మీద అన్వర్, అక్బర్ అన్న సంతకాలు ఏళ్లుగా చూస్తున్నాం. ఆ పక్కన ఒక షబానా సంతకం, ఒక నూర్జహాన్ సంతకం ఎప్పుడు చూస్తాం? మన ఆడపిల్లలు మెహెందీ కోన్ పట్టుకుంటే అరచేతిలో తోట మొలుస్తుంది. షాదీల సీజన్లో ఆ హునర్‌కి అందరం వాహ్వా అంటాం. అదే పిల్ల బొమ్మలు నేర్చుకుంటానంటే మాత్రం టైమ్ వేస్ట్ అంటాం.

అందుకని ఈ రంజాన్‌కి నాది చిన్న దరఖాస్తు. పిల్లలకి ఈదీ ఇచ్చేటప్పుడు నోటుతోపాటు ఒక బొమ్మల పుస్తకం పెట్టండి. ఇంగ్లీషు పుస్తకం ధర ఎక్కువైతే నలుగురు కజిన్లకి కలిపి ఒకటి కొనండి, తిప్పుకుంటూ చదువుకుంటారు. తూలికా పుస్తకాలు జేబుకి అందుతాయి. చదివేటప్పుడు రాసినవాళ్ల పేరుతోపాటు బొమ్మలు వేసినవాళ్ల పేరు కూడా పైకి చదివించండి. మీ మసీదు కమిటీలో, మదర్సాలో, బస్తీ లైబ్రరీలో ఎవరైనా వినేవాళ్లుంటే ఒక అరలో ఇలాంటి పది కితాబులు పెట్టించండి.

ఇంట్లో గీసే పిల్లో పిల్లాడో ఉంటే, ఒక్క పని చెప్పండి. చార్టు చూసి కాదు, నానీని ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయమనండి. నానీ కొంగు ఎట్లా కప్పుకుందో, కళ్లజోడు తాడు ఏ రంగో, జాకెట్టు చేతికి పిన్నీసు ఎక్కడ పెట్టుకుందో చూసి గీయమనండి. కొలత తీయకుండా కుట్టిన బట్ట ఎవరికీ సరిపోదని మా అబ్బా అనేవారు. మన కొలతలు తెలిసినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్ల చేతికి ఖలమ్ ఇవ్వడమే మిగిలింది.